శాలువా కప్పితే కూలి ఇచ్చినట్టేనా?

మా ఊరి జయంతి లెక్క ముందు చెబుతాం. దాచుకునేది ఏమీ లేదు. 2025 ఏప్రిల్ 14న మా సంఘం పెట్టిన ఖర్చు ఇది. డీజే బండికి 22 వేలు. ఫ్లెక్సీలకు 7,500. షామియానా, కుర్చీలు, మైకు కలిపి 9 వేలు. పూలదండలకు 3,200, ఇందులో బాబాసాహెబ్ విగ్రహానికి పడ్డవి రెండే, మిగతావన్నీ వేదిక మీది మెడలకు. అన్నాలకు 31 వేలు. పటాకులకు 4 వేలు. కిన్నెర వాయించిన పెద్దమనిషికి 500 రూపాయలు, 180 రూపాయల శాలువా ఒకటి. మొత్తం 77,380.

ఈ లెక్క ఎవరో బయటివాళ్లు తీసింది కాదు. మేమే రాశాం, మేమే సంతకం పెట్టాం. మాలో ఇద్దరం బడిపంతుళ్లం, ఒకరు పోస్టాఫీసులో పనిచేస్తారు, నలుగురు తాపీ మేస్త్రీలు, మిగతావాళ్లు కూలీలు, చదువుకుంటున్న పిల్లలు. ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం మేమే. లెక్క రాసిన రోజు ఎవరికీ ఏమీ అనిపించలేదు. నెల గడిచాక, రసీదుల కట్ట సర్దుతుంటే ఆ చివరి పద్దు దగ్గర చేయి ఆగింది. పటాకులు కాలడానికి పది నిమిషాలు పట్టింది. వాటికి 4 వేలు. ఒక మనిషి తన తండ్రి చేతి కిన్నెర భుజాన వేసుకుని రెండు బస్సులు మారి వస్తే 500. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాం. తప్పు మాది. కానీ మా ఒక్కరిదే కాదని కూడా తెలుసు. చదువుతున్న సంఘాల వాళ్లు మీ మీ రసీదుల కట్టలు ఒకసారి విప్పి చూడండి.

ఆ రోజు మామూలు రోజు కాదు. ఎస్సీ వర్గీకరణ చట్టం తెలంగాణలో అమలులోకి వచ్చిన రోజే అది. 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా ముప్పై ఏళ్లు నడిచి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందు గెలిచి, ఆ రోజు చేతికి అందింది. జయంతికి జయంతి, పండగకు పండగ. వాడంతా నీలి జెండాలు, డప్పులు. కిన్నెర పెట్టిద్దామన్నది మా పంతుళ్ల ఆలోచనే. మన కళ, మన మూలం అని మీటింగులో గట్టిగానే మాట్లాడాం. పాలమూరు జిల్లాలో కిన్నెర వాయించే డక్కలి ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. ఒకాయన దొరికాడు. అరవై దాటిన మనిషి. పేరు రాయడం లేదు, ఆయన వద్దన్నాడు. మేం తాతా అన్నాం, ఆయన మమ్మల్ని సారూ అన్నాడు. ఫోనులో ఎంత ఇస్తారని ఆయన అడగలేదు. మేమూ చెప్పలేదు. ఎందుకు అడగలేదో అప్పుడు ఆలోచించలేదు.

ఉదయం తొమ్మిదింటికే వచ్చాడు. వచ్చీ రాగానే ఒక్క మాట అడిగాడు. "సారూ, కిన్నెర ఎండకు ఆగదు. మెట్లకు పెట్టింది మైనం. కరుగుతది. నీడకు కూసోబెట్టుండ్రి, లేకుంటే పొద్దుగూకినంక పెట్టుకోండ్రి."

మేం మాదిగోళ్లం. డప్పు సంగతి పుట్టుకతో తెలుసు. డప్పును మంట మీద కాచాలి, తోలు బిగిస్తేనే మోత. కిన్నెర దానికి ఎదురు. వెదురు బొంగు, కింద సొరకాయ బుర్రలు, బొంగు మీద మైనంతో అతికిన మెట్లు, తీగలు, కొసన చెక్క చిలుక. వేడి తగిలితే మెట్టు జరుగుతుంది. మెట్టు జరిగితే పలుకు తప్పుతుంది. డప్పు మంట అడుగుతుంది, కిన్నెర నీడ అడుగుతుంది. మాకు మంట తెలుసుగానీ నీడ తెలియలేదు. "అట్లనే తాతా" అన్నాం. పదకొండింటికి ఎండలో, వేదిక అంచున, షామియానా దాటిన చోట కుర్చీ వేశాం. ఎందుకంటే షామియానా కింది కుర్చీలు వచ్చేవాళ్ల కోసం పేర్లు అంటించి ఉంచాం.

మైకు కుర్రాడు మైకును ఆయన నోటి ముందు పెట్టాడు. కిన్నెర ముందు పెట్టలేదు. తాత రెండుసార్లు సైగ చేశాడు. కుర్రాడికి అర్థం కాలేదు, మాకు పట్టలేదు. ఊరంతా మోగే పెట్టెల్లోంచి ముసలి గొంతు ఒక్కటే వచ్చింది. తీగ మీద ఆ వేళ్లు ఏం చేస్తున్నాయో ముందు వరుసకు కూడా వినపడలేదు. పండుగొల్ల సాయన్న కథ ఎత్తుకున్నాడు. దొరల గాదెలు కొట్టి పేదలకు పంచిన పాలమూరు మనిషి కథ. అది సక్కంగ నడిస్తే రెండు గంటలు. పన్నెండో నిమిషంలో కార్లు వచ్చాయి. మాలో ఒకరం వెనక నుంచి వెళ్లి ఆయన భుజం తట్టాం, చాలు అన్నట్టు. డీజే మొదలైంది. తాత కిన్నెరను గుడ్డలో చుట్టి, కుర్చీ కూడా తానే తీసి పక్కన పెట్టి దిగాడు.

వచ్చిన పెద్దమనిషి ఉపన్యాసంలో మన కళలు, మన సంస్కృతి అంటూ చాలాసేపు మాట్లాడారు. ఆ తర్వాత తాతను మళ్లీ పిలిపించి శాలువా కప్పారు. ఫొటో బాగా వచ్చింది. మా ఆఫీసు గోడకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు చెప్పక తప్పని సంగతి అన్నాల దగ్గరిది. వాడ మధ్యలో బంతి వేశాం. తాత తన విస్తరాకు తానే తీసుకుని వేపచెట్టు వెనక్కి, బంతికి ఇరవై అడుగుల దూరం పోయి కూర్చున్నాడు. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా. వడ్డించే పిల్లవాడు గ్లాసు చేతికివ్వకుండా నీళ్లు పైనుంచి పోశాడు. ఆ పిల్లవాడు ఇంటర్ చదువుతున్నాడు, మా బడిలో చదివినవాడే. మాలో ఒకరం లేచి తాతను బంతిలోకి పిలవబోతే ఒక ముసలమ్మ చెయ్యి పట్టి ఆపింది. "డక్కలోళ్లు మన గడప ఎక్కరు బిడ్డా. ఎక్కితే వాళ్లకూ మంచిది కాదు, మనకూ మంచిది కాదు." కూర్చున్నాం. తిన్నాం. అంబేద్కర్ జయంతి నాడు, విగ్రహం కనపడే చోట.

డక్కలోళ్లెవరో తెలియని పాఠకులకు రెండు మాటలు. మాదిగల మీద ఆధారపడి బతికిన ఆశ్రిత కులాలు కొన్ని ఉన్నాయి, అందులో డక్కలి ఒకటి. జాంబపురాణం మాదిగలకు చెప్పేది వాళ్లే. కొందరు పటం పరిచి చెబుతారు, కొందరు కిన్నెర మీద చెబుతారు. భూమి పుట్టక ముందే జాంబవంతుడు పుట్టాడని, మాదిగ అందరికంటే ముందటివాడని చెప్పే కథ అది. మేం మొదటివాళ్లమని ఈ రోజు వేదికలెక్కి గర్వంగా చెబుతున్నామంటే ఆ మాటను తరతరాలుగా నోటి మీద మోసి దాచింది డక్కలివాళ్లు. మాకు చరిత్ర ఇచ్చినవాళ్లను మేం ఏం చేశాం? ఊరు మమ్మల్ని వాడలో పెడితే మేం వాళ్లను వాడ బయట పెట్టాం. ఊరి బావి మాకు లేదన్నందుకు కోర్టుల దాకా పోయాం, వాళ్లకు మా బొక్కెన ఇవ్వలేదు. నిచ్చెనమెట్ల కులమంటే ఏమిటో పుస్తకంలో చదివి పిల్లలకు పాఠం చెబుతాం. పైమెట్టు వైపు చూసినంత గట్టిగా కిందిమెట్టు వైపు ఎన్నడన్నా చూశామా?

సాయంత్రం తాతను బస్టాండుకు దింపడానికి మాలో ఇద్దరం వెళ్లాం. బస్సు లేటు. అప్పుడు మాట్లాడాడు. అడిగితేనే మాట్లాడాడు.

ఆయన తండ్రి కాలంలో ఊళ్లు పంచుకుని ఉండేవట. ఫలానా ఊళ్ల మాదిగవాడలు ఫలానా డక్కలి ఇంటి హక్కు. ఏడాదికో రెండేళ్లకో పోయి వాడ బయట గుడిసె వేసుకుంటే, పొద్దుగూకినంక వాడ కదిలి వచ్చి చుట్టూ కూర్చునేది. కిన్నెర మోత చిన్నది. ఇరవై ముప్పై మంది చుట్టూ చేరి, పిల్లలను ఊరుకోబెట్టి వింటేనే వినపడేది. ఒక రాత్రికి తెగని కథ మర్నాడు నడిచేది. పోయేటప్పుడు వడ్లు, జొన్నలు, పాత బట్ట, ఒక్కోసారి మేకపిల్ల. దానం కాదు, హక్కు అని ఆయన గట్టిగా చెప్పాడు. "ఇయ్యకుంటే కొట్లాడి తీసుకుంటుంటిమి సారూ. మా నాయిన వాడ ముంగట కూసుంటే ఇచ్చేదాక లేవకపోవు." ఆ హక్కు పోయింది. వాడల్లో టీవీ వచ్చింది, మనుషులు బొంబాయి పోయారు. పోయిన హక్కు స్థానంలో ఏమొచ్చింది? పిలుపులు వచ్చాయి. బడిలో వార్షికోత్సవానికి పిలుపు. సర్కారు ఉత్సవాలకు పిలుపు. మాలాంటి సంఘాల పిలుపు. సెల్‌ఫోను పట్టుకుని గుడిసె కాడికొచ్చి, పాడించుకుని, తీసుకుపోయి ఎక్కడో పెట్టుకునే పిల్లల పిలుపు. "అందరు మంచిగనే పిలుస్తరు. అన్నం పెడ్తరు. కప్పుతరు. పైసల కాడికి వచ్చేవరకు అందరు ఒకరి మొకం ఒకరు చూస్తరు."

మరి ముందే ఎందుకు మాట్లాడుకోవని అడిగాం. ఆయన నవ్వాడు. "డప్పులోళ్లు పది మంది ఉంటరు. ఇయ్యకుంటే డప్పు దించుతరు. నేను ఒక్కణ్ణి. దించితే నాదే బోతది."

ఈ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం రాస్తున్నామంటే తప్పు లేదు. మేళానికి బేరం ఉంది. పది డప్పులు కలిసి ఆగితే పెళ్లి ఆగుతుంది, ఊరేగింపు ఆగుతుంది, చావు లేవదు. ఒంటరిగా వాయించేవాడికి ఆ బలం లేదు. ఆయన ఆగితే డీజే ఉంది. పైగా ఒక్కడే కాబట్టి ఒక కుర్చీ చాలు, ఒక మైకు చాలు, ఒక శాలువా చాలు. మాలాంటి సంఘాలు ఒంటరి కళాకారుణ్ణి పిలిచేది కళ మీద ప్రేమతోనే అని చెప్పుకుంటాం. నిజం చెప్పాలంటే చవక కాబట్టి, నాయకుడు వచ్చేదాకా జనం లేచిపోకుండా కాపలా కావాలి కాబట్టి.

అక్కడే ఆయన లెక్క కూడా చెప్పాడు, లేదు, మేం గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. ఊళ్లో మేస్త్రీ కింద కూలికి పోతాడు. రోజుకు 600. మా కార్యక్రమం కోసం ముందు రోజు మధ్యాహ్నమే పని వదిలాడు, తీగలు సవరించుకోవడానికి, మైనం చూసుకోవడానికి. తెల్లారి పొద్దంతా మా దగ్గరే. రెండు రోజుల కూలి పోయిందనే అనుకోవాలి, సగం రోజుకు మేస్త్రీ పైసలివ్వడు. 1,200. రానూ పోనూ బస్సు చార్జీ 190. మేమిచ్చింది 500. అంటే 890 రూపాయలు ఆయనే మా జయంతికి ఖర్చు పెట్టుకున్నాడు. జీతగాళ్లం, పంతుళ్లం, మేం తలా 500 చందా రాసి రసీదు తీసుకున్నాం. ఆయనకు రసీదు కూడా లేదు.

బస్సు ఇంకా రాలేదు. తాత ఏమనుకున్నాడో, గుడ్డ విప్పి కిన్నెర తీశాడు. "కత నడుమ ఆపితే మంచిది కాదు సారూ" అని, వేదిక మీద ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ ఎత్తుకున్నాడు. ఎండ దిగింది, బస్టాండు రేకుల కింద నీడ. మైకు లేదు. మేమిద్దరం, పుచ్చకాయలమ్మే ఆమె, ఆమె బిడ్డ, ముగ్గురు కూలీలు, బ్యాగులు పట్టుకున్న ఇద్దరు కాలేజీ పిల్లలు. అప్పుడు వినపడింది కిన్నెర. ప్రతి మెట్టూ వినపడింది. గొంతు ఆగిన చోట తీగ మాట్లాడటం వినపడింది. పొద్దున మా 9 వేల మైకులో రానిది అక్కడ రేకుల కింద వచ్చింది. సాయన్నను పట్టించే చోటికి వచ్చేసరికి ఆ ముగ్గురు కూలీల బస్సు వచ్చింది. ఎక్కలేదు. కథ అయ్యాక పుచ్చకాయలామె పైట కొంగున కట్టిన 20 రూపాయలు విప్పి ఆయన చేతిలో పెట్టింది. కింద వేయలేదు, పళ్లెంలో వేయలేదు. చేతిలో పెట్టింది. కూలీలు తలా పది ఇచ్చారు. మేం పంతుళ్లం మాత్రం అప్పుడే 500 ఇచ్చేశాం కదా అనుకుని నిలబడ్డాం.

చేతిలో పెట్టడం, కింద వేయడం అనే తేడా మాకు కొత్త కాదు. మా నాయిన ఊరికి చాటింపు వేసేవాడు. మెడలో డప్పు, ఒక్కడే, వీధి వీధికీ నిలబడి కొట్టి చెప్పేవాడు. పటేలు మాట ఊరికి తెలియాలంటే మా నాయిన గొంతే. జాతర డప్పు, చావు డప్పు కూడా. కూలి లేదు. కళ్లం కాడ మేర అని చేటెడు గింజలు, అవీ తాలువి. చావు ముందు నడుస్తుంటే పైసలు మట్టిలో విసిరేవారు. మా నాయిన డప్పు ఆపకుండా వంగి, కాలివేళ్లతో పైసను దగ్గరికి లాక్కోవడం మేం చూశాం. బడి నుంచి వస్తూ చూశాం, చూడనట్టు సందులోకి తిరిగాం. ఆ ఊళ్లో ఎవరూ మా నాయినను కళాకారుడనలేదు. మేమూ అనుకోలేదు. చదువుకున్నాక మొట్టమొదట చేసిన పని ఆ డప్పును అటక మీదికి ఎక్కించడం. ఆ కాలంలో డప్పు కొట్టం అన్నందుకు వాడలకు వాడలనే వెలివేశారు. ఆ కొట్లాట న్యాయమైనదే. తర్వాత దండోరా వచ్చి అదే డప్పును నెత్తిన పెట్టుకుంది. అదీ న్యాయమే. వెట్టి గుర్తు ఆత్మగౌరవం గుర్తయింది. డప్పుకు గౌరవం వచ్చింది సరే, కొట్టేవాడికి కూలి వచ్చిందా? ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను పెట్టారు, 2024లో దాన్ని నెలకు 4 వేలు చేశారు. మంచిదే. కానీ అది వయసు మళ్లిన చేతికి సర్కారు ఇచ్చే పింఛను. కొడుతున్న చేతికి కొట్టించుకున్నవాడు ఇవ్వాల్సిన కూలి వేరు. ఒకటి ఉంది కదా అని రెండోది ఎగ్గొట్టకూడదు.

వెట్టి అంటే దొర చేయించుకున్నదే వెట్టి అని మనం అనుకుంటాం. చేసినవాడు ధర అడగలేని చోట, చేయించుకున్నవాడు తోచింది చేతిలో పెట్టే చోట, ఆ పనిని ఏమనాలి? దొర గడిలో జరిగితే వెట్టి, మన వేదిక మీద జరిగితే ఉద్యమ సేవ అవుతుందా? బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ మీద బిల్లు పెట్టాడు. తన కులం ఊరికి చేసే వంశపారంపర్య చాకిరీ, దానికి బదులు దొరికే పిడికెడు గింజలు, ఆ గింజల కోసం ఇంటింటి ముందు నిలబడటం పోవాలని కొట్లాడాడు. ఆయన పుట్టినరోజు నాడే మేం ఒక మనిషిని వతన్‌దారును చేశాం.

కిన్నెర అంటే అందరికీ గుర్తొచ్చే పేరు దర్శనం మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య. మా పాలమూరు మనిషే, డక్కలి బిడ్డే. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటకు ముందు వచ్చిన ఆయన గొంతు దేశదేశాల తెలుగువాళ్లు విన్నారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి జాగా ప్రకటించింది. 2024 మేలో హైదరాబాదు శివారులో కట్టుబడి పని దగ్గర ఆయన కూలి చేస్తున్న దృశ్యం పత్రికల్లో వచ్చింది. నెలనెలా వచ్చే 10 వేల గౌరవ భృతి ఆగిపోయిందని ఆయనే చెప్పాడు. అప్పుడు చాలామంది చాలా మాటలన్నారు. డబ్బు ఏం చేశాడు, ఎట్లా ఖర్చు పెట్టాడు అని లెక్కలడిగారు. ఒక పెద్దకులం విద్వాంసుడికి బిరుదు వస్తే ఆయన ఇంటి ఖర్చు లెక్క ఎవరన్నా అడిగారా? మా ప్రశ్న ఇంకొకటి కూడా ఉంది. పద్మశ్రీ వచ్చిన తర్వాత ఆయన్ను ఎన్ని వేదికల మీదికి పిలిచి ఉంటారు? ఆ పిలిచినవాళ్లలో ఎంతమంది ముందే ఇంత ఇస్తామని చెప్పి, ఆ ఇంతా ఇచ్చి ఉంటారు? బిరుదు ఏడాదికి ఒకరికి, ఇద్దరికి వస్తుంది. 2024లో నారాయణపేట బుర్రవీణ దాసరి కొండప్పకు వచ్చింది, సంతోషించాం. కానీ బిరుదు అన్నం కాదు. వాయించిన పూటకు వాయించినందుకు దొరికేదే అన్నం. బిరుదు ఢిల్లీలో ఇస్తారు. కూలి ఇవ్వాల్సింది మన మండల కేంద్రంలో, మన రసీదు పుస్తకంలోంచి.

తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి 550 మందికి ఉద్యోగాలిచ్చారు. పాటగాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలిగింది, కాదనం. కానీ అక్కడ పాడాల్సింది సర్కారు పథకాల పాట. రెండు రాత్రుల కథ చెప్పే ముసలివాడికి ఆ కొలువులో చోటెక్కడ? అందుకే సర్కారును అడగడం ఒక పక్కన ఉంచి మన చేతిలో ఉన్నది ముందు మాట్లాడుతున్నాం.

ఈ సంగతి సంఘం మీటింగులో పెడితే రచ్చ అయింది. రచ్చ అయినంత రాస్తాం. ఒక తమ్ముడన్నాడు, "ఉద్యమంలో పాడినోళ్లు ఎన్నడన్న పైసలడిగిండ్రా అన్నా?" అడగలేదు నిజమే. అడగని వాళ్లలో చాలామంది ఎట్లా చచ్చిపోయారో కూడా మాకు తెలుసు. ఉద్యమానికి పాడటం ఎవరికి వారు చేసుకునే త్యాగం. ఒకరి త్యాగాన్ని ఇంకొకరు నిర్ణయించకూడదు. డీజే అబ్బాయిని త్యాగం చెయ్యమని మేం అడగలేదు. అడ్వాన్సు ఇస్తేనే బండి కదిలిస్తానన్నాడు, ఇచ్చాం. ఇంకొకరన్నారు, పైసలిస్తే తాగుతాడని. ఆ మాట విన్నప్పుడు మా నాయినకు గింజలు కొలిచిన పటేలు గొంతు వినపడింది. ఆ పటేలు అన్నమాట కూడా అదే. తాగుతాడో, బిడ్డ పెళ్లికి దాస్తాడో అది ఆయన ఇష్టం. మా జీతం డబ్బులు మేం ఏం చేస్తున్నామో ఎవరికి చెబుతున్నాం?

వాడ పెద్దాయన ఒకరు వేరే మాట అన్నారు. అది కొట్టిపారేసేది కాదు. "మనం వాళ్లకు ఇచ్చేది హక్కుగ ఇస్తుంటిమి. మీరు కూలి అంటే బజారు బేరం అయితది. మన నడుమ సంబంధం తెగిపోతది." ఈ మాటలో బాధ ఉంది. నిజంగానే ఆ రాత్రుళ్లు, ఆ వాడ బయటి గుడిసె, పిల్లలు నిద్రపోని కథలు కూలి లెక్కతో తిరిగి రావు. కానీ పెద్దయ్యా, ఆ సంబంధంలోనే వాడ బయటి గుడిసె కూడా ఉంది. పైనుంచి పోసిన నీళ్లు కూడా ఉన్నాయి. హక్కును మనమే ఎగ్గొట్టి, దూరాన్ని మాత్రం జాగ్రత్తగా కాపాడుకున్నాం. మిగిల్చుకోవాల్సింది వదిలి, వదలాల్సింది మిగిల్చుకున్నాం.

ఇక అసలు ఇబ్బందికరమైన మాట. వర్గీకరణలో మా కులం రెండో గ్రూపులో, 18 కులాలతో కలిసి 9 శాతం. డక్కలి ఒకటో గ్రూపులో, 15 కులాలతో కలిసి 1 శాతం. ముప్పై ఏళ్లు మేం పోరాడింది ఏమని? ఎవరి వాటా వారికి రావాలని, పెద్దన్న పేరుతో తమ్ముడి పళ్లెం లాక్కోవద్దని. ఆ మాట మేం ఎంత గొంతెత్తి అన్నామో అంత గొంతుతో రేపు డక్కలి పిల్లలు మమ్మల్ని అడుగుతారు. అడగాలి. అడిగేదాకా వాళ్లు చదువుకోవాలి. మా బడిలో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒక్క డక్కలి పిల్లవాడి పేరు కూడా హాజరు పట్టీలో లేదు. ఇది పంతుళ్లుగా మా మీద మేమే రాసుకుంటున్న ఫిర్యాదు.

మే నెలాఖరున మాలో ముగ్గురం తాత ఊరికి పోయాం. 2 వేలు తీసుకుపోయాం, ఆయనకు బాకీ పడ్డ 890 కాక వాయించినందుకు కూడా. గుడిసె ముందు మంచం వాల్చాడు. డబ్బు లెక్కపెట్టుకుని ఇది దేనికి అన్నాడు. పోయినసారి కూలి అన్నాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గట్లయితే మరి నీళ్లు తాగి పోండ్రి" అన్నాడు. మాలో ఒకరు క్షణం ఆగారు. ఆ ఆగడం తాత చూశాడు, మేమూ చూశాం. ముగ్గురం తాగాం. వచ్చే దారిలో ఆగినవాడు ఏడ్చాడు. ఇది గొప్పగా చెప్పుకోవడానికి రాయలేదు. ఇరవై ఏళ్లుగా ఉద్యమంలో ఉన్న మనిషి చెయ్యి కూడా ఒక గ్లాసు ముందు ఆగుతుందని తెలియాలని రాశాం.

ఆ తర్వాత పెట్టిన మీటింగులో తీర్మానం పుస్తకంలో ఇట్లా రాసుకున్నాం. కిన్నెర గానీ, బుర్రవీణ గానీ, జమిడిక గానీ, ఒక్కరే వచ్చి పాడే ఎవరికైనా పిలిచేటప్పుడే మొత్తం చెప్పాలి. రోజుకు 3 వేలకు తగ్గకూడదు, చార్జీలు వేరు. సగం పిలిచిన రోజే పంపాలి. కథకు ఎంతసేపు కావాలో కళాకారుణ్ణి అడిగి ఆ టైము వేరే పెట్టాలి, నాయకుల రాకపోకలతో ముడిపెట్టకూడదు. వచ్చే జయంతికి కిన్నెర పొద్దుగూకినంక, వాడ మధ్యలో, మైకు లేకుండా. భోజనం అందరితో బంతిలో. డీజే ఖర్చు సగానికి తగ్గించాలి.

సంఘంలో పదిహేను మందిమి. పదకొండు సంతకాలు పడ్డాయి. బంతి మాట తీసేస్తే సంతకం పెడతామని ముగ్గురు, డీజే మాట తీసేస్తే పెడతామని ఒకరు ఆగారు. ఏ మాటా తీసేయలేదు. పుస్తకంలో ఆ నాలుగు జాగాలు ఖాళీగా ఉంచాం.